ఒక్క బిట్టు తప్పు

మా దుత్తలూరులో నా పూర్వ విద్యార్థి కుమారుడొకడు, బోరు వద్ద కరెంటు రాగానే సెల్‌ఫోనుకు సందేశం పంపే పరికరం చేశాడు. "కరెంటు వచ్చినది" అన్నది "గరెంటు వచ్చినది" అని చేరేది. "కొత్త చిప్పులో దోషమేమిటి? నీ ప్రోగ్రామే తప్పు" అని పెద్దలమంతా తేల్చాము. సరళాదేశమా అని నేను పరిహసించాను కూడా.

బాలుడు వాదించలేదు. మెమరీలోని ప్రతి గడిలో 01010101 వ్రాసి తిరిగి చదివాడు, పిమ్మట 10101010. మొదటి పరీక్షలో ఒక గడిలో కుడినుండి రెండవ బిట్టు, 0 వ్రాసినా 1 గానే నిలిచింది. రెండవ పరీక్షలో ఆ గడియే నిర్దోషి! యూనికోడులో 'క' సంఖ్య 3093, 'గ' సంఖ్య 3095. ఆ బిట్టు విలువ సరిగ్గా 2. అదే ప్రోగ్రామును వేరొక చిప్పులో ఉంచగా సందేశం సరిగా వచ్చింది.

2010లో వాయేజర్-2 వ్యోమనౌకలోనూ ఒక్క బిట్టు మారి సమాచారం అర్థం కాకపోగా, మెమరీని భూమికి రప్పించి పరిశీలించిన పిమ్మటనే సరిదిద్దారు.

దోషం తరచు ప్రోగ్రాములోనే ఉంటుంది, నిజమే. అయినా అనుమానం వేరు, తీర్పు వేరు. ఎర్రసిరా పట్టిన నేను ఎందరి తప్పులకు కారణమడగకుండానే మార్కులు కోశానో! ఆ బాలునికి క్షమాపణ చెప్పాను. తక్కినవారికి ఇక్కడ చెప్పుకొంటున్నాను.