శాసనసభ గుమ్మంలో మన అమ్మాయిలు

కాలిఫోర్నియా రాష్ట్ర అసెంబ్లీ 1957లోనే ఒక ఫెలోషిప్ పెట్టింది. డిగ్రీ పూర్తయిన యువతీ యువకులు 11 నెలలపాటు జీతం తీసుకుంటూ సభ్యుల, కమిటీల సిబ్బందితో కలిసి పనిచేస్తారు. బిల్లులపై పరిశోధన చేస్తారు. దానికి పీజీ క్రెడిట్లు కూడా వస్తాయి. మన దేశంలో 2010లో మొదలైన లాంప్ ఫెలోషిప్ పార్లమెంటు సభ్యుల కోసం. మరి శాసనసభల మాటేమిటి?

2023లో తెలంగాణలో 119 స్థానాల్లో గెలిచిన స్త్రీలు 10 మంది. అదే ఏడాది 106వ రాజ్యాంగ సవరణ మూడోవంతు సీట్లు మనకి రాసిచ్చింది. సీటు దక్కితే సరిపోతుందా? బడ్జెట్ పద్దుల్ని విప్పి చెప్పే మనిషి పక్కన లేకపోతే సభ్యురాలు అధికారి ఇచ్చిన కాగితమే చదవాలి. పురుషుడూ అదే చదువుతాడు. కానీ 'కీలుబొమ్మ' అన్న పేరు ఆమెకే!

అందుకే ఫెలోషిప్ కావాలంటున్నాను. అయితే ఎవరికి? ఏళ్ల తరబడి విద్యార్థినులకి సిఫారసు ఉత్తరాలు రాసిన అనుభవంతో చెబుతున్నాను: ఇలాంటి అవకాశాలు ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన, రాజధానిలో ఇల్లున్న పిల్లల్నే ముందు చేరతాయి. సభలో చర్చ తెలుగులో జరుగుతుంటే ఎంపిక ఇంగ్లీషులో ఎందుకుండాలి? అంగన్‌వాడీ కార్యకర్త కూతురికి ఆ శాఖ పద్దు అర్థం కాదా?

దళిత, ఆదివాసీ, మైనారిటీ అమ్మాయిలకి వాటా, బతకడానికి చాలినంత భృతి, హాస్టలు, 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఇవి లేని ఫెలోషిప్ పెద్దింటి పిల్లల బయోడేటాలో మరో పంక్తి మాత్రమే.