పాత కంప్యూటరును పారవేయకముందు

దొడ్డబళ్ళాపురంలోని మన నేత కుటుంబాలకు జకార్డు అట్టల సంగతి చెప్పనక్కరలేదు. అట్ట చెడితే అంచున పువ్వు తప్పుతుంది. పాత కంప్యూటర్లలో దాచిన అంచుల నమూనాలకు, పద్దులకు, పెండ్లి ఫొటోలకు ఆ గతి పట్టరాదని మా మనవి.

2000కు ముందరి యంత్రాలలో యూఎస్‌బీ వేగం సెకనుకు 12 మెగాబిట్లే. 10 గిగాబైట్లకు నకలు తీయాలంటే దాదాపు రెండు గంటలో, అంతకు మించియో పట్టును. ఖాళీ పీసీఐ స్లాటులో యూఎస్‌బీ 2.0 కార్డు అమర్చితే 480 మెగాబిట్ల దారి ఏర్పడుతుంది. అయితే, ఆ విండోసుకు తగిన డ్రైవరు ఉన్నదా అని కొనేముందే విచారించవలెను. అమర్చేటప్పుడు కరెంటు తీగ తీసివేయవలెను.

నకళ్లు రెండు తీయించండి: ఒకటి ఇంట, మరొకటి ఆడపడుచు ఇంట. డిస్కు చెడిన పిమ్మట మెకానిక్కును బతిమాలి ఫలమేమి? వచ్చే సంచికలోగా ఈ పని ముగిస్తారని ఆశిస్తున్నాము.