తీరం దాటిన తర్వాత

సావనీరుకు ఒక వ్యాసం కావాలని యూనియన్ మిత్రులు అడిగారు. సిలబస్ మీద, హాస్టళ్ల మీద, నిరుద్యోగం మీద రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను ఒకే ఒక్క మాట గురించి రాస్తాను. అది ఇంగ్లీషు మాట, ల్యాండ్‌ఫాల్. సముద్రం మొహం చూడని నర్మెట్ట వాడికి ఈ మాటతో ఏం పని అని మీరడగొచ్చు. పని ఉంది కనుకనే రాస్తున్నాను.

మాట పుట్టింది ఓడలవాళ్ల నోట. పదిహేడో శతాబ్దం నాటికే వాడుకలో ఉంది. నెలల తరబడి నీళ్ల మీద తిరిగిన నావికుడికి మొట్టమొదట నేల కనపడడమే ల్యాండ్‌ఫాల్. ఇక్కడ ఫాల్ అంటే పడిపోవడం కాదు, తారసపడడం. తాను వేసుకున్న లెక్క ప్రకారం అనుకున్న చోటే నేల కనిపిస్తే అది మంచి ల్యాండ్‌ఫాల్. 1755 నాటి జాన్సన్ నిఘంటువులో దీనికి ఇంకో అర్థం ఉంది: ధనవంతుడు చనిపోవడం వల్ల హఠాత్తుగా భూమి చేతులు మారడం. ఈ అర్థం చదివితే మన జనగామ వాళ్లకు నవ్వొస్తుంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ప్రాంతం మనది. దొర చస్తే చేతికొచ్చే వరం కాదు ఇక్కడ భూమి.

అదలా ఉంచుదాం. ఇవాళ ఈ మాట ఎక్కువగా తుఫానుకే వాడుతున్నారు. తుఫాను కేంద్రం, అంటే దాని కన్ను, తీరరేఖను దాటి నేల మీదికి వచ్చే క్షణమే ల్యాండ్‌ఫాల్. కేంద్రం మాత్రమే సుమా! దాని చుట్టూ ఉన్న గాలీ మబ్బూ వందల కిలోమీటర్ల వెడల్పు ఉంటాయి. కనుక అసలు కన్ను రాకముందే తీరం మీద గాలి విరుచుకుపడుతుంది, వచ్చిన తర్వాత గంటల తరబడి ఉంటుంది. మన వాతావరణ శాఖ ఇంగ్లీషు బులెటిన్లలో ఎక్కువగా కనిపించేది తీరం దాటింది అన్న ప్రయోగమే. మన రేడియో, పత్రికలు, టీవీలు దాన్నే తెలుగు చేసుకున్నాయి. అనువాదంలో తప్పేమీ లేదు. చిక్కంతా మన భాషలో ఉంది.

తెలుగువాడికి నేల చేరడమంటే బతికి బయటపడడం. గట్టెక్కాం అంటాం, ఒడ్డున పడ్డాం అంటాం, దరి చేరాం అంటాం. పరీక్షల్లో మూడో శ్రేణిలో పాసైన వాడు కూడా గట్టెక్కిన వాడే. దాటడం కూడా అంతే. గండం దాటింది అంటే ప్రమాదం పోయిందనే. ఇలాంటి చెవులున్న మనిషికి 'తుఫాను తీరం దాటింది' అని చెబితే ఏమర్థమవుతుంది? దాటిపోయింది, పీడ వదిలింది అని. కానీ జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. గట్టెక్కింది తుఫాను, మునిగేది మనం.

తీరం వాళ్లకు ఈ మాట సరిగ్గానే సరిపోతుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. దాదాపు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. అక్కడి వాళ్లకు ల్యాండ్‌ఫాల్ ఎక్కడ, ఎన్ని గంటలకు అన్నది ప్రాణాలతో ముడిపడ్డ ప్రశ్న. దాన్ని నేను కాదనను. నేలమీదికొచ్చాక తుఫానుకు సముద్రపు వేడి, తేమ తగ్గిపోతాయి, నేల రాపిడి తగులుతుంది, గాలి బలం పడిపోతుంది. వాన మాత్రం అలా తగ్గదు. బలహీనపడి వాయుగుండంగా, అల్పపీడనంగా పేరు మారుతుందే గానీ, నెమ్మదిగా కదిలితే ఉన్నచోటనే కుమ్మరిస్తుంది. పేరు చిన్నదైంది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం.

2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. నరసాపురం నుంచి మా నర్మెట్టకు గీత గీస్తే సుమారు 300 కిలోమీటర్లు. మర్నాడు వరంగల్లు, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మానుకోట జిల్లా డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు నీళ్లకింద పోయాయి. అది వరి కోతల కాలం, పత్తి ఏరే కాలం. మా దిక్కున వడ్లు కల్లాల్లోనే ఉన్నాయి. ఆ పొద్దు మా వాడకట్టు పెద్దమనిషొకాయన నన్ను నిలదీశాడు: "దాటిపోయిందంటిరి గద బిడ్డా, మరి గిదేంది?" భూగోళశాస్త్రం చదివిన వాళ్లెవరైనా ఆయనకు జవాబు చెప్పాలి.

ఇది ఒక్కసారి జరిగింది కాదు. 2024 సెప్టెంబరు 1 తెల్లవారుజామున వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఎక్కడి కళింగపట్నం, ఎక్కడి కేసముద్రం! ఆ ముసురులోనే కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచినప్పుడైతే తుఫాను పేరే లేదు. ఆ రోజు తీరం దాటిన వార్త కోసం ఎదురుచూసినవాడు ఇంకా ఎదురుచూస్తూనే ఉండేవాడు.

హైదరాబాదు వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా రంగుల హెచ్చరికలు ఇస్తుంది, నిజమే. కానీ పెద్దక్షరాల్లో వచ్చేది తీరం మాటే. కెమెరాలన్నీ సముద్రం ఒడ్డునే నిలబడతాయి. తీరం దాటగానే వాటి పని అయిపోతుంది. అప్పుడే మన పని మొదలవుతుంది. మన చెరువులు గొలుసుకట్టువి. పైచెరువు కట్ట తెగితే కిందిచెరువుకు ముప్పు. ఆ సంగతి చెప్పడానికి తీరం లెక్కలు పనికిరావు.

తెలుగు శాఖ అధ్యాపకులకు ఒక మనవి. ల్యాండ్‌ఫాల్‌కు సంస్కృత సమాసం కట్టకండి, దండం పెడతాను. 'తుఫాను నేల మీదికొచ్చింది' అంటే చాలు, ముసలమ్మకు కూడా తెలుస్తుంది. తీరం దాటడం అన్నది అలవాటైన ప్రయోగం, తీసెయ్యలేమంటారా, ఉండనివ్వండి. దాని పక్కనే ఇంకో వాక్యం చేర్చండి: ఎటు పోతోంది, రేపు పొద్దుగూకే లోపల ఏ జిల్లాల మీద ఉంటుంది అని. అందులో నర్మెట్ట పేరు రాకపోయినా ఫర్వాలేదు. జనగామ అన్న మాట ఒక పూట ముందు వినబడితే వడ్లను కుప్పచేసి పరదాలు కప్పుకుంటాం.