పేరుకు ఇరవై, చేతికి ఎంత?

"లాబులో ప్రతివాడి వాల్యూమ్ సైజూ పెంచాలి!" సంఘం సమావేశంలో ఈ కోరిక మళ్ళీ వినిపించింది. చప్పట్లూ మోగాయి. మిత్రులు కోపగించుకోకపోతే ఒక మాట చెప్తాను: నేను దీనికి వ్యతిరేకిని.

మనకిచ్చినవి 'థిన్' రకం వాల్యూములు. అడుగున ఉన్న అసలు డిస్కును 'పూల్' అంటారు, మడుగన్నమాట. ఆ పూల్ 500 గిగాబైట్లే అయినా 40 మందికి తలా 20 చొప్పున 800 రాసిచ్చెయ్యవచ్చు. ఎవరెంత రాస్తే అంతే ఖర్చవుతుంది. ఇందులో మోసమేం లేదు, అందరూ ఒకేసారి అడగనంతవరకూ.

ఆత్మకూరు, ఉదయగిరి వైపునుంచి వచ్చినవాళ్ళకి ఇది కొత్తగాదు. పెన్న మీద సోమశిల నిండితే 78 టి.ఎం.సి.లు. ఆ అంకె ఎక్కడికీ పోదు. ఆత్మకూరు రైతు మాత్రం "ఈ పొద్దు నీళ్ళెంతుండాయి?" అనే అడుగుతాడు. ఉదయగిరి మెట్టలో చెరువు కింద ఆయకట్టు కాగితం మీద ఎంతైనా ఉండనీండి, వానలేని ఏడు తూమెత్తితే వచ్చేది గాలే గదా!

20ని 40 చెయ్యడం ఒక ఆజ్ఞతో పని. లోపలి ఫైల్‌సిస్టమ్‌ని కూడా పెంచితే సరి. అప్పుడు వాగ్దానం 1600, పూల్ అదే 500. ప్రాజెక్టులు అప్పగించే వారంలో అది నిండిందంటే, లినక్సు ఎల్.వి.ఎం.లో మామూలు అమరికైతే కొత్త రాతలు 60 సెకన్లు కాచుకొని ఆపైన విఫలమవుతాయి. తమాషా ఏమంటే, అప్పుడు కూడా మన వాల్యూమ్‌లో బోలెడు ఖాళీ కనిపిస్తుంది! పొదుపుగా వాడినవాడి రికార్డూ ఆగిపోతుంది. నాకు మండేది అక్కడే.

"అయితే అందరివీ తగ్గించండి" అన్నారు కొందరు. తగ్గించడం పెంచినంత తేలిక కాదు. ఎక్స్.ఎఫ్.ఎస్. తగ్గదనే అనుకోవాలి. ఇ.ఎక్స్.టి.4 తగ్గుతుంది గానీ, మౌంటు తీసేసి ముందు ఫైల్‌సిస్టమ్‌నీ, తరవాతే వాల్యూమ్‌నీ కుదించాలి. తిరగేసి చేస్తే చివరి డేటా గోవిందా. అసలంత తంటా దేనికి? పాత ఫైళ్ళు చెరిపి, వారానికోసారి ఎఫ్‌ఎస్‌ట్రిమ్ నడిపిస్తే ఆ జాగా పూల్‌కి తిరిగొస్తుంది. ఊరికే చెరిపితే రాదు.

కాబట్టి నోటీసు బోర్డు మీద తలా ఎంతో కాదు, పూల్ ఎంత నిండిందో రోజూ రాయమని అడుగుదాం. 80 శాతం దాటితే కొత్త డిస్కుకి అర్జీ పెడదాం. సంఘం పోట్లాడితే ఆ డిస్కు కోసం పోట్లాడాలి. కొటేషన్లూ బిల్లులూ తేలేసరికి నెలలు పడుతుంది గనక, ఆ అర్జీ దసరా సెలవులకు ముందే ప్రిన్సిపాలుగారి బల్ల మీద ఉండాలి.