లోదెబారులో మిగిలిపోయిన బిడ్డలు



కొన్ని నెలల క్రితం ఆమడగూరు మండలములోని ఒక పల్లెలో గృహకూడికకు వెళ్లాము. వేరుశనగ పైరు ఎండిపోయిన ఏడు అది. మగవారిలో సగం మంది బెంగళూరులో కూలిపనులకు వెళ్లారు. కూడిక ముగిసి అందరూ లేస్తున్నప్పుడు ఒక తల్లి మా దగ్గరకు వచ్చి నిలబడింది. తొమ్మిదేండ్ల కూతురు ఆమె చంకలో ఉన్నది. కాళ్లు కత్తెరవలె ఒకదానిమీద ఒకటి బిగుసుకొని పోయినవి. ఆ తల్లి మెల్లగా అడిగినది:

"అయ్యగారూ, మా బిడ్డకు సర్కారు కాగితం రాపిచ్చుకుంటే దేవునికి మా మీద కోపమొస్తాదా? కుంటిదని మేమే రాపిచ్చుకున్నాక ఇంక ఆయన యాడ బాగు చేస్తాడని మా ఆయన అంటాండాడు."

ఆ మాట మా గుండెకు తగిలినది. ఎందుకంటే ఆమె భర్త ఆ మాట ఊరక అనలేదు. నాలుగేండ్ల క్రితం అదే ఇంటిలో, అదే బిడ్డ తలమీద చేయి ఉంచి మేము ప్రార్థించాము. "సర్టిఫికెట్టుకు తొందరపడవద్దు, విశ్వాసముతో కనిపెట్టండి" అని చెప్పి వచ్చాము. మంచి మాట చెప్పామనే అనుకొన్నాము. ఆ కుటుంబము మా మాట నమ్మి నాలుగేండ్లు ఆగినది. ఆ నాలుగేండ్లలో బిడ్డకు అందవలసిన పింఛను అందలేదు. పింఛను మంజూరైన నాటినుండే వస్తుంది గాని, అడగక పోగొట్టుకొన్న ఏండ్లకు బకాయి రాదు. అంతకంటె పెద్ద నష్టము, వ్యాయామ చికిత్స లేక ఆమె కాళ్లు ఇంకా బిగుసుకొనిపోయినవి. ఈ తప్పు మాది. అందుకే ఈ నెల శీర్షికలో ఈ విషయము వ్రాస్తున్నాము.

ఆ బిడ్డకు ఉన్నది మెదడు పక్షవాతము. డాక్టర్లు దీనిని సెరిబ్రల్ పాల్సీ అంటారు. కాన్పు సమయములో బిడ్డకు ప్రాణవాయువు చాలకపోవుట, నెలలు నిండక పుట్టుట, పుట్టిన తరువాత కామెర్లు ముదురుట, మెదడువాపు వంటి కారణములచేత ఇది రావచ్చును. తల్లి గ్రహణము చూచినందున గాని, తాతలు చేసిన పాపమునుబట్టి గాని వచ్చేది కాదు. పుట్టుగ్రుడ్డివానిని చూచి, పాపము చేసినది వీడా, వీని కన్నవారా అని శిష్యులు అడిగినప్పుడు, ఇద్దరూ కాదని ప్రభువే తేల్చి చెప్పాడు (యోహాను 9). ఆయన మూసిన తలుపును మనము మళ్లీ తెరవకూడదు.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వద్దాము. ప్రభుత్వమునుండి సహాయము తీసుకొనుట విశ్వాసహీనతా?

2 సమూయేలు గ్రంథములో మెఫీబోషెతు సంగతి మీకు తెలుసు. యెజ్రెయేలునుండి చెడు వార్త వచ్చిన దినమున దాది అతనిని ఎత్తుకొని పరుగెత్తగా అతడు పడి రెండు కాళ్లు కుంటివాడాయెను. అప్పుడతనికి ఐదేండ్లు. తరువాత ఎక్కడున్నాడు? లోదెబారులో, మాకీరు ఇంట, ఎవరి కంటా పడకుండ బ్రతికినాడు. దావీదు తానే విచారించి, మనుష్యులను పంపి అతనిని రప్పించాడు. తన బల్లయొద్ద చోటిచ్చుటతో ఆగలేదు. అతని తాతయైన సౌలు భూమిని అతనికి తిరిగి ఇప్పించి, దున్ని పంట తెచ్చే బాధ్యత సీబాకు అప్పగించాడు. అది బిచ్చము కాదు. యోనాతానుతో చేసిన నిబంధననుబట్టి అతనికి రావలసినది. మెఫీబోషెతు దానిని తీసుకొనుటవలన దేవునియందు అతని నమ్మకము తగ్గినదని లేఖనము ఎక్కడా చెప్పలేదు.

మన దేశములోను అటువంటి నిబంధన ఒకటి ఉన్నది. దాని పేరు చట్టము. 1995లో పార్లమెంటు వికలాంగుల చట్టము చేసినది. అందులో ఏడు రకముల వైకల్యములే ఉండేవి. దాని స్థానములో 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చి 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. ఇందులో 21 రకములు ఉన్నవి. మెదడు పక్షవాతము, బుద్ధిమాంద్యము, ఆటిజము, కండరముల క్షీణత, తలసేమియా అన్నీ చేరినవి. 40 శాతము, అంతకు మించి వైకల్యమున్నదని ధ్రువపరచబడినవారికి ముఖ్యమైన సదుపాయములు వర్తిస్తాయి. అట్టి బిడ్డకు 6 నుండి 18 ఏండ్లవరకు ఉచితముగా చదువుకొనే హక్కును ఈ చట్టమే ఇచ్చినది.

పింఛను సంగతి. కేంద్ర ప్రభుత్వపు ఇందిరాగాంధీ వికలాంగుల పింఛను 18 ఏండ్లు నిండి, 80 శాతము వైకల్యమున్న పేదలకే గనుక చిన్నపిల్లలకు వర్తించదు. కాని మన రాష్ట్ర ప్రభుత్వపు పింఛనుకు వయస్సుతో పని లేదు. 40 శాతము ధ్రువపత్రమున్న పేద కుటుంబపు బిడ్డ కూడ అర్హుడే. 2024 జూలై నుండి ఎన్.టి.ఆర్. భరోసా పేర ఇది నెలకు 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికి గాని చక్రాల కుర్చీకి గాని పరిమితమైనవారికి 15,000 రూపాయలు. మండుటెండలో కూలికి పోయే తల్లికి ఇది చిన్న మొత్తము కాదు.

ఏమి చేయాలో వరుసగా చెబుతాము. చదువురాని తల్లులకు ఈ భాగము చదివి వినిపించండి.

మొదట ఆధార్ సరిచూచుకోండి. బిడ్డకు ఐదేండ్లు నిండినప్పుడు, మళ్లీ పదిహేనేండ్లప్పుడు వేలిముద్రలు, కనుపాపలు నమోదు చేయించాలి. వేళ్లు బిగుసుకొని ముద్ర పడని పిల్లలు ఉంటారు. అట్టివారికి మినహాయింపు ఉన్నది. "ముద్ర పడలేదు, పొండి" అంటే తిరిగి రావద్దు, మినహాయింపు క్రింద నమోదు చేయమని అడగండి. ఆధార్‌లో, బియ్యపు కార్డులో, ఆసుపత్రి చీటీలలో బిడ్డ పేరు, పుట్టిన తేదీ ఒకటే ఉండాలి. బాప్తిస్మపు పేరు ఒకచోట, బడిలో పేరు ఇంకొకచోట ఉండుట మన కుటుంబములలో ఎక్కువ. దానివలన ఎన్నో దరఖాస్తులు ఆగిపోతున్నవి.

రెండవది, గ్రామ సచివాలయములో గాని మీసేవలో గాని సదరం శిబిరానికి తేదీ తీసుకోండి. సదరం అనేది వైకల్య శాతమును నిర్ణయించే ఏర్పాటు. ప్రభుత్వ ఆసుపత్రులలో డాక్టర్లు బిడ్డను చూచి శాతము వ్రాస్తారు. బిడ్డ పుట్టినప్పటి కాగితములు, పాత మందుల చీటీలు, స్కానింగులు ఉన్నవన్నీ ఒక సంచిలో పెట్టి తీసుకొని వెళ్లండి. బుద్ధి ఎదుగుదలకు సంబంధించి ఐదేండ్లలోపు పిల్లలకు తాత్కాలిక పత్రమే ఇస్తారు. దాని గడువు తేదీని ఇంటి గోడమీద వ్రాసి పెట్టుకోండి. గడువు దాటితే అన్నీ ఆగుతాయి.

మూడవది, దేశమంతటా చెల్లే యు.డి.ఐ.డి. కార్డు వస్తుంది. దాని నకళ్లు నాలుగు తీసి, అసలుది భద్రముగా దాచండి.

నాలుగవది, ఆ పత్రముతో సచివాలయములోని సంక్షేమ, విద్యా సహాయకుని వద్ద పింఛనుకు దరఖాస్తు చేయాలి. కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకొంటారో ముందుగా అడిగి తెలిసికొనండి. ఇచ్చిన ప్రతి కాగితానికి రసీదు తీసుకొనండి.

చెప్పుటకు నాలుగు మాటలే. నడిచేవారికి తెలుస్తుంది దూరము. ఆ తల్లి మొదటిసారి తెల్లవారుజామున బిడ్డను ఎత్తుకొని పట్టణము చేరితే, ఆ దినము చూడవలసిన డాక్టరు రాలేదు. రెండవసారి పేరులో ఒక అక్షరము తేడా ఉన్నదని పంపివేశారు. ఒక్కొక్కసారి ఒక దినపు కూలి పోయినది, బస్సు ఖర్చు అయినది. తొమ్మిదేండ్ల బిడ్డ బరువు మోసి ఆమె నడుము పడిపోయినది. మూడవసారి మా సంఘములోని ఒక యౌవనస్థుడు, స్త్రీల సమాజపు సహోదరి ఒకరు వెంట వెళ్లారు. ఒకరు వరుసలో నిలబడ్డారు, ఒకరు బిడ్డను పట్టుకొన్నారు. ఆ దినమే పని అయినది. కపెర్నహూములో పక్షవాయువుగలవానిని నలుగురు మోసుకొని వచ్చారు, మన తల్లులు మాత్రము ఒంటరిగా మోస్తున్నారు.

మరొక సంగతి చెప్పక తప్పదు. ఆసుపత్రి బయట ఒకడు ఆమెను కలిసి, ఇంత ఇస్తే శాతము పెంచి వ్రాయిస్తానని అన్నాడట. ప్రియులారా, ఈ వలలో పడవద్దు. మెఫీబోషెతు కథలో సీబాను మరువకండి. సహాయము చేయుటకు నియమింపబడినవాడే రాజుతో అబద్ధమాడి, యజమానుని భూమిని కాజేయ జూచాడు. దొంగ పత్రములు ఎక్కువైనందుననే 2025లో రాష్ట్రమంతటా వికలాంగుల పింఛనులను మళ్లీ పరిశీలించి, ఎందరికో నోటీసులు ఇచ్చారు. వారిలో నిజముగా కష్టములోనున్నవారును ఉండి, మళ్లీ ఆసుపత్రుల చుట్టూ తిరగవలసి వచ్చినది. ఒకడు చెప్పిన అబద్ధమునకు మరొకని బిడ్డ వరుసలో నిలబడినది. బిడ్డను డాక్టరు ఎదుట నటింపజేయవద్దు. అయితే దాచవద్దు కూడ. మన తల్లులు అభిమానముకొద్దీ "కొంచెం నడుస్తుందయ్యా, తనే తింటుంది" అంటారు. ఉన్నది ఉన్నట్లే చెప్పండి. ఎవరు ఎత్తాలి, ఎవరు తినిపించాలి, రాత్రి ఎన్నిసార్లు లేవాలి, ఇవి చెప్పుట బిడ్డను అవమానించుట కాదు.

శాతము తక్కువ వ్రాశారని మీకు తోచితే అప్పీలు చేసుకొనే హక్కు అదే చట్టములోని 59వ సెక్షనులో ఉన్నది. పౌలు రోమా పౌరుడనని చెప్పుకొనుటకు సిగ్గుపడలేదు. న్యాయము దొరకనప్పుడు కైసరు ఎదుట చెప్పుకొందునన్నాడు. ప్రార్థన మానివేసి అతడు ఆ పని చేయలేదు. ప్రార్థించే మనిషే తన హక్కును కూడ అడిగాడు.

పింఛను ఒక్కటే కాదు. మండలములలో భవిత కేంద్రములు ఉన్నవి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, వ్యాయామ చికిత్స చేయిస్తారు. బడికి రాలేని బిడ్డకు ఇంటివద్ద చదువు చెప్పే ఏర్పాటు ఉన్నది. మెదడు పక్షవాతము, బుద్ధిమాంద్యము, ఆటిజము, బహుళ వైకల్యము ఉన్నవారికి నేషనల్ ట్రస్టువారి నిరామయ ఆరోగ్య బీమా సంవత్సరమునకు లక్ష రూపాయలవరకు ఉన్నది. ఈ నాలుగు రకముల బిడ్డలకు 18 ఏండ్లు నిండినప్పుడు, అవసరమైతే జిల్లా కలెక్టరు అధ్యక్షతనున్న కమిటీ ద్వారా సంరక్షకుని నియమింపజేసుకోవచ్చును. "మేము పోయినాక దీన్నెవరు చూస్తారు?" అని రాత్రిళ్లు నిద్రపోని తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

ఇప్పుడు సంఘములకు ఒక మనవి. మీ గ్రామములో ఇట్టి బిడ్డలు ఎందరున్నారో కాపరులు, పెద్దలు లెక్క తీయండి. ఆదివారము మందిరములో కనబడేవారిని మాత్రమే లెక్కించవద్దు, కనబడనివారే ఎక్కువ. చదువుకొన్న ఒక యౌవనస్థుని ఈ పనికి నియమించండి. బస్సు ఖర్చుకు కానుకలోనుండి కొంత తీసి ఉంచండి. మందిరపు మెట్ల ప్రక్కన ఒక వాలు దారి కట్టించండి, దానికి కావలసినది రెండు బస్తాల సిమెంటు, ఒక దినపు పని. స్వస్థత కొరకు ప్రార్థన మానవద్దు. కాని మీ ప్రార్థనవలన ఒక బిడ్డ డాక్టరు దగ్గరకు పోవుట ఆలస్యమైతే, ఆ ఆలస్యమునకు లెక్క అప్పగించవలసినది మనమే.

ఆ బిడ్డకు పత్రము వచ్చినది. పింఛను మంజూరైనది, నెలకు 6,000. కాళ్లు ఇంతకు మునుపే సాగదీయవలసిందని చికిత్స చేసే అమ్మాయి అన్నదట. ఆ మాట తల్లి మాతో చెప్పినప్పుడు మేము జవాబు చెప్పలేకపోయాము. తండ్రి బెంగళూరునుండి పండుగకు వచ్చినప్పుడు మేము అతని యింటికి వెళ్లి, "నాలుగేండ్ల క్రితం మేము చెప్పినది తప్పు నాయనా" అని ఒప్పుకొన్నాము. అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ పొద్దు మీరు చెప్పకపోయినా నేను పోయుండను అయ్యగారూ, కాగితం మీద ఆ మాట చూసేదానికి నాకే ధైర్యం లేకపోయె" అన్నాడు. బిడ్డ అతని ఒడిలో కూర్చుండి అతని చొక్కా గుండీ లాగుచున్నది.

మీ ప్రక్క ఇంటిలో అట్టి తండ్రి ఉన్నాడేమో. ఈ వారములోనే వెళ్లి అడగండి. సంచి సర్దుకొనుటకు, వరుసలో నిలుచుటకు తోడు వస్తామని చెప్పండి.

ప్రభువు మిమ్మును, మీ బిడ్డలను దీవించును గాక.