కీహోల్ సర్జరీలో రక్తం పోదా? ఫైబ్రాయిడ్ ఆపరేషన్‌కు ముందు ఏం అడగాలి?

గర్భాశయంలో ఫైబ్రాయిడ్ (గడ్డ) ఉందని, ల్యాప్రోస్కోపీతో తీసేద్దామని డాక్టర్ చెప్పారా? 'చిన్న రంధ్రాలే కదా, రక్తం పోదులే' అని ఇంట్లోవాళ్లు ధైర్యం చెబుతారు. పొట్ట మీద కోత చిన్నదే. లోపల మాత్రం రక్త సరఫరా ఎక్కువగా ఉండే గర్భాశయ కండరాన్ని కోసి గడ్డను వేరు చేయాలి. రక్తస్రావం పెరిగితే కెమెరాకు ఏమీ కనిపించదు. అదుపు తప్పితే పొట్ట తెరిచి ఆపరేషన్ చేయాల్సి వస్తుంది.

అసలు చిక్కు ఎక్కడ?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఏపీలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. దానికితోడు ఫైబ్రాయిడ్ల వల్ల నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంది. గర్భం లేని మహిళకు హిమోగ్లోబిన్ కనీసం 12 గ్రాములు ఉండాలి. 8 గ్రాములతో థియేటర్‌లోకి వెళ్తే, కాస్త రక్తం పోయినా ఎక్కించాల్సి రావచ్చు.

ముందే ఏం చేయొచ్చు?

హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే ఒంట్లో ఐరన్ నిల్వలు తెలుస్తాయి. ఐరన్ మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. అయితే అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అంత సమయం లేకపోతే నరం ద్వారా ఐరన్ ఇస్తారు. కొందరికి నెలసరిని తాత్కాలికంగా ఆపి, గడ్డను కుదించే హార్మోన్ ఇంజెక్షన్లు కూడా ఇస్తారు.

థియేటర్‌లో ఏం చేస్తారు?

గడ్డ చుట్టూ వాసోప్రెసిన్ ఇంజెక్షన్ ఇస్తే రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఇది గుండె, బీపీపై ప్రభావం చూపగలదు కాబట్టి ఆ సమస్యలుంటే ముందే చెప్పండి. కొన్ని కేసుల్లో గర్భాశయ ధమనులను తాత్కాలికంగా మూసేస్తారు. గడ్డకట్టిన రక్తం త్వరగా కరిగిపోకుండా చూసే ట్రానెక్సామిక్ యాసిడ్ కూడా వాడతారు. గుండె ఆపరేషన్లు కాకుండా ఇతర సర్జరీలు చేయించుకున్న 9,500 మందికి పైగా రోగులపై 2022లో వెలువడిన పాయిజ్-3 అధ్యయనంలో, దీన్ని వాడినవారిలో తీవ్ర రక్తస్రావం 11.7 శాతం నుంచి 9.1 శాతానికి తగ్గింది. గతంలో కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టి ఉంటే మాత్రం డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

సంతకం పెట్టే ముందు ఇవి అడగండి

• నా హిమోగ్లోబిన్ ఎంత? ఆపరేషన్ నాటికి పెంచే వీలుందా?
• రక్తస్రావం తగ్గించడానికి ఏ పద్ధతి వాడతారు?
• అవసరమైతే రక్తం సిద్ధంగా ఉంటుందా? (బ్లడ్ బ్యాంకుల్లో నిల్వలను ఈ-రక్తకోష్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.)
• ఆస్పిరిన్ లాంటి రక్తం పలుచన చేసే మందులు ఎప్పుడు ఆపాలి? (సొంతంగా ఆపకండి.)

ఫైబ్రాయిడ్ ఆపరేషన్ చాలావరకు అత్యవసరం కాదు. రక్తం పట్టడానికి డాక్టర్ కొన్ని వారాలు ఆగమంటే కంగారు పడకండి. ఆ ఆగడం కూడా చికిత్సలో భాగమే.