సెల్లార్‌లో నీళ్లు, మ్యాన్‌హోల్‌లో మనిషి

ఏటా వానాకాలంలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఒకటే ఫిర్యాదు: డ్రైనేజీ పొంగింది, సెల్లార్‌లోకి నీళ్లొచ్చాయి. తప్పు వానది మాత్రమే కాదు. వంటింటి నూనె జిడ్డు పైపుల్లో గడ్డకడుతుంది. శానిటరీ ప్యాడ్లు, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కుంటాయి. డాబా మీది వాన నీటి పైపును మురుగు లైన్‌లో కలిపితే, ఆ లైన్ మోయలేక వెనక్కి తన్నుతుంది.

జాలీలు బిగించడం, జెట్టింగ్ మెషీన్‌తో చాంబర్ల పూడిక తీయించడం, వాన నీటిని వేరు చేయడం మే నెలలోనే అయ్యే పనులు. అవి చేయకపోతే జూలైలో వాచ్‌మన్ ఒక మనిషికి ఫోన్ చేస్తాడు. వచ్చినవాడి కులమేమిటని ఎవరూ అడగరు, అందరికీ తెలుసు కాబట్టి.

రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగు లైన్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించడాన్ని 2013 చట్టం 7వ సెక్షన్ నిషేధించింది. కార్పొరేషన్‌తో పాటు ఇంటి యజమానికీ అది వర్తిస్తుంది. తొలి నేరానికే 2 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. మురుగు లైన్లలో చనిపోయినవారి కుటుంబాలకు 2014లో రూ.10 లక్షల పరిహారం ఇవ్వాలన్న సుప్రీంకోర్టు, 2023లో దాన్ని రూ.30 లక్షలకు పెంచింది. పరిహారం పెరిగినా దించడం ఆగలేదు.

అందుకే మే నెల అసోసియేషన్ మీటింగ్‌లో డ్రైనేజీ ఖర్చును వాయిదా వేసేవాళ్లు, జూలైలో ఎవరిని దించబోతున్నారో కూడా అప్పుడే చెప్పాలి.